గాల్లో గంట... నేల మీద ఆరు గంటలు!

కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టుకుంటే, ఓర్వకల్లు వచ్చేసరికి రాళ్లు మొదలవుతాయి. ఎవరో తీరిగ్గా కూర్చుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. కొన్ని పడిపోబోతున్నట్టు, కొన్ని పడిపోవడం మర్చిపోయినట్టు. పర్యాటక శాఖ రాక్ గార్డెన్ కట్టింది ఇక్కడే. సినిమావాళ్లకీ ఈ రాళ్లంటే మోజు. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద చెయ్యి పెడితే మాత్రం పెనం మీద పెట్టినట్టే!

ఆ రాళ్లకు కాస్త దూరంలో, సుమారు వెయ్యి ఎకరాల్లో విమానాశ్రయం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆంగ్లేయులు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దీనికి పెట్టారు. 2019 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఒకసారి ప్రారంభించారు. 2021 మార్చి 25న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి మరోసారి ప్రారంభించారు. ఆ నెల 28న గానీ టికెట్టు కొన్న ప్రయాణికుడు విమానమెక్కలేదు. రెండుసార్లు రిబ్బను కత్తిరించాక ఎగిరిన చోటన్నమాట. ఆలస్యం గురించి మాట్లాడుకోవడానికి ఇంతకన్నా తగిన చోటేముంటుంది?

ఇదే రోడ్డు మీద నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి పోతే కడప. అక్కడా ఓ విమానాశ్రయం. రెంటి మధ్యా రెండొందల కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. కరవు సీమలో ఒకే రోడ్డు మీద రెండు విమానాశ్రయాలున్నాయంటే గొప్పే. అయితే ఏ ఊరికైనా ఇక్కడి నుంచి విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కర్నూలు నుంచి విజయవాడకు 2025 జులైలో మొదలైన సర్వీసునే తీసుకోండి. వారానికి మూడు రోజులతో మొదలైంది. హైదరాబాద్‌లో విమానం తప్పితే సాయంత్రం ఇంకోటి ఉంటుంది. ఇక్కడ తప్పితే ఎల్లుండి! ఈ తేడాను మనసులో పెట్టుకునే ఈ రోడ్డు ప్రయాణం చేద్దాం.

డబ్బులిస్తారంట... నిజమేనా?

విమానాశ్రయం ముందు దింపేందుకు వచ్చిన కార్లు ఆగే చోట, ఏ రోజైనా వినిపించే మాటలు ఇవి.

''ఏమన్నా, రెండు గంటలు లేటంట గదా. లేటైతే డబ్బులిస్తారంటనే, నిజమేనా?''

''యాడిస్తార్రా అబ్బీ! నీళ్ల బాటిలిస్తే గొప్ప.''

''లేదన్నా, మావోడు సెల్లులో సూసినాడు. ఐదువేలంట.''

ఇద్దరి మాటల్లోనూ సగం నిజముంది. పౌర విమానయాన డైరెక్టరేట్... అదే డీజీసీఏ, ప్రయాణికుల సౌకర్యాల మీద 2010లో ఓ నిబంధన తెచ్చింది. ఆ తర్వాత చాలాసార్లు సవరించింది. అందులో మూడు వేర్వేరు కష్టాలకు మూడు వేర్వేరు మందులున్నాయి. విమానం ఆలస్యం కావడం ఒకటి. విమానం రద్దు కావడం ఒకటి. టికెట్టుండీ, వేళకు వచ్చీ, 'సీట్లు నిండిపోయాయి' అని ఎక్కించుకోకపోవడం ఇంకొకటి. మనవాళ్లు మూడింటినీ కలిపేసి 'లేటైతే ఐదువేలు' అనుకుంటున్నారు. నగదు పరిహారం చివరి రెండింటికే. దేశంలో తిరిగే విమానం ఎంత ఆలస్యమైనా, కేవలం ఆలస్యానికంటూ రూపాయి ఇవ్వమని ఆ నిబంధన చెప్పదు!

మరేం చెబుతుంది? రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే (మన రెండు ఊళ్ల నుంచి లేచేవన్నీ ఆ లెక్కలోవే) రెండు గంటలు ఆలస్యం దాటగానే తిండీ, పానీయం చూడాలి. 2024 చివర్లో డీజీసీఏ దాన్ని ఇంకాస్త విడమరిచింది. రెండు గంటల దాకా మంచినీళ్లు, రెండు నుంచి నాలుగు గంటలైతే టీ కాఫీలు, చిరుతిండి, నాలుగు దాటితే భోజనం. ఆరు గంటలకు మించి ఆలస్యమైతే ఆరు గంటల్లోగా మరో విమానమో, పూర్తి టికెట్టు డబ్బో... ఏది కావాలన్నది ప్రయాణికుడి ఇష్టం. ఇరవై నాలుగ్గంటలు దాటితే హోటల్ గది. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానమైతే ఆరు గంటలు దాటినా గది ఇవ్వాలి. ఇవన్నీ వేళకు చెక్ఇన్ అయినవాళ్లకే. 'ఎలాగూ లేటే కదా' అని ఇంట్లో పడుకున్నవాళ్లకు కాదు.

ఓర్వకల్లులో నిలబడి చదివితే ఇందులో ఓ తమాషా కనిపిస్తుంది. 'ఆరు గంటల్లోగా మరో విమానం'... ఎక్కడిది? ముంబయివాళ్లకు అది ఎంపిక. మనకు ఎంపిక కాదు, టికెట్టు డబ్బు వెనక్కి తీసుకుని ఇంటికెళ్లడమే. ఆ డబ్బుతో విశాఖపట్నానికి కారు రాదు. అప్పటికప్పుడు బస్సులో సీటూ దొరకదు. నిబంధన రాసినవాళ్లు పెద్ద ఊళ్లను చూసి రాశారు, అంతే.

మూడు నెలల క్రితమో నాలుగు నెలల క్రితమో నాకూ ఓ విమానాశ్రయంలో ఐదు గంటలు గడిచాయి. సంస్థ పేరెందుకులెండి. 'ఆపరేషనల్ రీజన్స్' అని సెల్లుకు మెసేజీ వచ్చింది. ఆ రెండు మాటలకు అర్థమేంటని కౌంటర్లో అమ్మాయిని అడిగితే, ఆమె కూడా పాపం ఆ రెండు మాటలే చెప్పింది. ఓ సమోసా, ఓ నీళ్ల బాటిల్ ఇచ్చారు. సమోసా బావుంది.

ఐదువేలు... కాగితం మీద

ఓర్వకల్లు దాటాక రాళ్లు పలచబడతాయి. పానెం, నంద్యాల. కుందూ నది. రోడ్డుకు అటోసారి ఇటోసారి కేసీ కెనాల్ పలకరిస్తుంటుంది. కర్నూలు-కడప కాలువ అన్నమాట. అసలు ఈ రెండు ఊళ్ల మధ్య మొదటి 'ట్రాన్స్‌పోర్టు కంపెనీ' ఇదే! 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలుపెట్టి తవ్వింది. పొలాలకు నీళ్లతో పాటు పడవలు నడపాలనీ ఆలోచన. లండన్‌లో వాటాలు కొన్నవాళ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ తప్పక వస్తుందని ప్రభుత్వం పూచీ ఇచ్చింది. కంపెనీ ఎత్తిపోయింది, 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. వాటాదారుడికి పూచీ అప్పుడే ఉంది. పడవెక్కేవాడికి మాత్రం లేదు. ప్రయాణికుడి హక్కు అనే మాట మన దగ్గర ఎంత ఆలస్యంగా వచ్చిందో చెప్పడానికే ఈ కాలువ కథ.

సరే, ఐదువేల సంగతి. అది రద్దయిన విమానానికి. రెండు వారాల ముందో, కనీసం ఇరవై నాలుగ్గంటల ముందో చెప్పి రద్దు చేస్తే మరో విమానమో, టికెట్టు డబ్బో ఇస్తారు. అంతటితో సరి. ఆ మాత్రం కూడా చెప్పకుండా రద్దు చేస్తేనే దాని మీద పరిహారం. గంటలోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటలకు 7,500, ఆపైన 10,000 రూపాయలు. 'లేదా'... ఇక్కడే ఆగి చదవాలి... 'లేదా ఒకవైపు బేసిక్ ఫేరు, ఇంధన ఛార్జీ కలిపి ఎంతో అంత. ఈ రెంటిలో ఏది తక్కువైతే అది!'

ఉదాహరణకు టికెట్టు మొత్తం 2,600 రూపాయలు పెట్టి కొన్నారనుకోండి. అందులో పన్నులూ, విమానాశ్రయం రుసుములూ పోను బేసిక్ ఫేరు 1,900 అయితే, మీకొచ్చే పరిహారం 1,900. టికెట్టు డబ్బు వాపసు దీనికి అదనం. ఉడాన్ లాంటి పథకాల కింద చౌకగా ఎగిరే మన చిన్న రూట్లలో ఐదువేలనే అంకె చాలాసార్లు కాగితం మీదే ఉండిపోతుంది. మీరు ఫోన్ నంబరు సరిగ్గా ఇవ్వకపోతే అదీ రాదు. ఏజెంటు దగ్గర టికెట్టు చేయించుకున్నప్పుడు అతని నంబరే పడుతుంటుంది చూడండి, అదీ చిక్కు.

వేళకు వచ్చినవాణ్ని సీటు లేదని ఆపేస్తే లెక్క వేరు. బయల్దేరాల్సిన వేళ నుంచి గంటలోగా ఇంకో విమానం ఎక్కిస్తే ఏమీ ఉండదు. ఇరవై నాలుగ్గంటల్లోగా ఎక్కిస్తే బేసిక్ ఫేరుకు రెండింతలు, 10 వేలు మించకుండా. అదీ దాటితే నాలుగింతలు, 20 వేలు మించకుండా ఇవ్వాలి.

ఇంకో తలుపుంది. 'అసాధారణ పరిస్థితులు' అన్న తలుపు. వాతావరణం, వరద, అల్లర్లు, సమ్మె, భద్రతా కారణాలు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఆదేశాలు... ఇలాంటివేవైనా అయితే నగదు పరిహారం లేదు. మన సీమలో పొగమంచు తక్కువే. వానా తక్కువే. కానీ ఇక్కడికి రావాల్సిన విమానం చెన్నై వానలోనో, బెంగళూరు మంచులోనో ఇరుక్కుంటే ఓర్వకల్లు ఎర్రటెండలో నిలబడ్డ ప్రయాణికుడికి 'వాతావరణం బాగాలేదు' అనే చెబుతారు. అబద్ధం కాదది. ఎక్కడ బాగాలేదో అడిగి రాసుకోవాలి, అంతే. విమానంలో సాంకేతిక లోపం అన్న కారణానికి మాత్రం ఆ జాబితాలో పేరు పెట్టి చోటివ్వలేదు. అందుకే 'ఎందుకు?' అన్న ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా అడగడం ముఖ్యం.

2025 డిసెంబరు మొదటివారం గుర్తుందా? పైలట్ల విధి వేళల కొత్త నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోక ఇండిగో విమానాలు దేశమంతా వేలల్లో రద్దయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా. పెళ్లికొడుకులు, పరీక్ష రాయాల్సినవాళ్లు, అస్థికలు పట్టుకున్నవాళ్లు విమానాశ్రయాల్లో నేల మీద కూర్చున్నారు. టీవీల్లో అందరం చూశాం. పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్‌నాయుడే కాబట్టి తెలుగు ఇళ్లలో ఆ చర్చ కాస్త ఎక్కువే జరిగింది. ఆ తర్వాత సంస్థ నిబంధన ప్రకారం ఇవ్వాల్సిన పరిహారంతో పాటు, బాగా ఇబ్బందిపడ్డవారికి 10 వేల రూపాయల ప్రయాణ వోచర్లు ఇస్తామంది. చాలామందికి ఈ నిబంధన ఒకటుందని తెలిసింది అప్పుడే.

పదివేల కోసం సుప్రీంకోర్టు దాకా...

ఆళ్లగడ్డలో రోడ్డు పక్క శిల్పుల ఉలి చప్పుడు. సగం చెక్కిన దేవుళ్లు ఎండలో వరుసగా నిలబడి ఉంటారు. వాళ్ల ఓపిక చూస్తే హైదరాబాద్ ప్రయాణికుడి కేసు గుర్తొస్తుంది. ఆలస్యం మీద మన తెలుగువాళ్లకు బాగా దగ్గరి కేసు అదే.

2007 డిసెంబరు 14. ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో ఉదయం విమానం. బయట దట్టమైన పొగమంచు. ప్రయాణికులను ఎక్కించుకున్నాక విమానం కదల్లేదు. తర్వాతి విమానంతో దీన్ని కలిపారు. దిగిపోయి డబ్బు వాపసు తీసుకుంటారా, ఉంటారా అని అడిగారు. ఆ ప్రయాణికుడు ఉన్నాడు. దాదాపు పదకొండు గంటలు ఆ ఇరుకు సీట్లోనే! హైదరాబాద్ వచ్చాక ఊరుకోలేదు. ప్రజోపయోగ సేవల శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లాడు. అదాలత్ 10 వేలు పరిహారం, 2 వేలు ఖర్చులు ఇవ్వమంది. సంస్థ హైకోర్టుకు వెళ్లింది, అక్కడ ఓడింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. పదివేల కోసం!

2011 జులై 4న తీర్పు వచ్చింది. పొగమంచు సంస్థ చేతిలో లేదు, ఆ ఆలస్యం సేవాలోపం కాదు అంది కోర్టు. పరిహారం కొట్టేసింది. ప్రయాణికుడు ఓడిపోయాడు. కానీ ఆ తీర్పులోనే మనకు పనికొచ్చేవి రెండున్నాయి. చౌక టికెట్ల సంస్థ అయినా సరే, ఆలస్యమైనప్పుడు ప్రయాణికుడికి కనీస సదుపాయాలు చూడాల్సిందే, తప్పించుకోవడానికి లేదు అని ఒకటి. వివాదం ఏదైనా ఢిల్లీ కోర్టుల్లోనే తేల్చుకోవాలని టికెట్టు షరతుల్లో రాసుకున్నంత మాత్రాన హైదరాబాద్‌లో వేసిన ఫిర్యాదు చెల్లకుండా పోదని రెండోది. విమానం దిగే ఊరు కూడా న్యాయం అడిగే ఊరే. ఈ రెండో మాట రాయలసీమవాళ్లకు పదివేల కన్నా ఎక్కువ విలువైనదని నా లెక్క.

నాకు ఈ కేసులో నచ్చింది ఇంకొకటుంది. ఆలస్యం వేరు, ఆలస్యంలో మనిషిని ఎలా చూశారన్నది వేరు అని కోర్టు విడదీసింది. మంచు ఎవరి తప్పూ కాదు. మంచులో మనిషికి మంచినీళ్లివ్వకపోతే అది తప్పే.

సెలవు ముగిసే రోజు

మైదుకూరు దాటి, చెన్నూరు దగ్గర పెన్నా వంతెన ఎక్కితే కడప వచ్చేసినట్టే. నదిలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ కనబడే రోజులు ఎక్కువ. ఈ వంతెన దాటి వచ్చే కార్లలో డిక్కీ మీద తాళ్లతో కట్టిన పెద్ద పెద్ద సంచులుంటే అనుమానం అక్కర్లేదు. కువైట్ ప్రయాణం! కడప, రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు వైపు కువైట్‌తో సంబంధం లేని వీధి అరుదు. ఆలస్యం అసలు దెబ్బ తగిలేది వీళ్లకే.

సెలవు మీద వచ్చినవాడు చివరిరోజు దాకా ఉంటాడు. పిల్లల్ని వదల్లేడు కదా! ఊరగాయలూ, కారప్పొడీ, కజ్జికాయలూ కట్టుకుని కడపలో విమానమెక్కి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో దిగి, అక్కడి నుంచి కువైట్ విమానం పట్టుకోవాలి. ఇక్కడ మొదటి విమానం మూడు గంటలు ఆలస్యమైతే అక్కడ రెండోది వెళ్లిపోతుంది. మొదటిదాని ధర రెండు మూడు వేలు. పోయిన రెండోదాని ధర పాతికవేల పైమాట. అవతల కఫీల్ ఏమంటాడోనన్న బెంగకు ధర కట్టలేం.

రెండూ ఒకే టికెట్టు మీద, అంటే ఒకే పీఎన్ఆర్ నంబరు మీద ఉంటే చివరి ఊరు చేర్చే బాధ్యత సంస్థది. రెండు వేర్వేరు టికెట్లయితే 'మా బాధ్యత హైదరాబాద్ దాకానే' అని మొదటి సంస్థ చేతులు దులుపుకుంటుంది. ఏజెంట్లు రెండు మూడొందలు మిగుల్తాయని విడివిడిగా చేస్తుంటారు. ఆ మిగులు ఎవరికి మిగులుతుందో ఒకసారి అడగండి. విడిగా చేసుకోక తప్పకపోతే మధ్యలో ఒక రాత్రి ఉండేలా చూసుకోవడమే దారి. బస్సులో ముందురోజే వెళ్లి శంషాబాద్ దగ్గర చుట్టాలింట్లో పడుకునే పాత పద్ధతిని ఇంట్లో పెద్దవాళ్లు ఎందుకు వదలరో ఇప్పుడర్థమవుతుంది.

విదేశీ ప్రయాణాలకు చట్టం కాస్త బలంగా ఉంది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారత్ 2009 నుంచి ఉంది, కువైట్ అంతకుముందే చేరింది. ఆలస్యం వల్ల ప్రయాణికుడికి జరిగిన నష్టానికి సంస్థదే బాధ్యత అని అందులో ఉంది. తప్పించుకోవాలంటే, చేయగలిగినవన్నీ చేశామని సంస్థే రుజువు చేసుకోవాలి. గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు నుంచి 6,303 ఎస్‌డీఆర్‌లు. మన లెక్కలో లక్షల్లోనే. అలాగని ఆలస్యమైన ప్రతివాడికీ లక్షలిస్తారని కాదు. జరిగిన నష్టానికి రసీదులు చూపించాలి, చూపించినంతే వస్తుంది. దేశంలోపలి ప్రయాణాలకు ఇలాంటి బాధ్యతనే వర్తింపజేస్తూ కేంద్రం 2014లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఆలస్యం నష్టానికి పరిమితి 80 వేల రూపాయలు. అంటే డీజీసీఏ నిబంధనలో ఆలస్యానికి నగదు లేదన్నంత మాత్రాన కథ ముగిసిపోలేదన్నమాట. ఆలస్యానికి 'రేటు' లేదు. ఆలస్యం వల్ల జరిగిన 'నష్టం' మాత్రం అడగొచ్చు. అడగాల్సింది కౌంటర్లో అమ్మాయిని కాదు.

జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో పిల్లలున్న ఇళ్లకు ఓ మాట. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన చట్టం ప్రకారం అక్కడి విమానాశ్రయాల నుంచి లేచే విమానాలకు, సంస్థ ఏ దేశానిదైనా సరే, రద్దయితే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారముంది. గమ్యం చేరడం మూడు గంటలు ఆలస్యమైతే దానికీ ఇదే వర్తిస్తుందని అక్కడి న్యాయస్థానం 2009లో తేల్చింది. వాళ్లకు ఆలస్యానికి ధరపట్టిక ఉంది. మనకు లేదు. ఉంటే బావుండునని ఓర్వకల్లులోనూ అనిపిస్తుంది, కడపలోనూ అనిపిస్తుంది.

రైలు తప్పించిన విమానం

కడపవాళ్లకు రైలు విమానం కన్నా పాత చుట్టం. ముంబయి-చెన్నై రైలు మార్గం ఊళ్లోంచే పోతుంది. చెన్నై వెళ్లి విమానమెక్కేవాళ్లలో రైలు మీద ఆధారపడేవాళ్లు బోలెడు మంది. రైలు లేటై విమానం తప్పితే?

2016 జూన్‌లో ఓ కుటుంబానికి అచ్చం ఇదే జరిగింది, ఇక్కడ కాదు, జమ్మూలో. అజ్మీర్-జమ్మూ ఎక్స్‌ప్రెస్ నాలుగు గంటలు ఆలస్యమైంది. శ్రీనగర్ విమానం పోయింది. టాక్సీ కట్టుకుని వెళ్లారు. దాల్ సరస్సులో ముందే మాట్లాడుకున్న పడవ డబ్బూ పోయింది. రైల్వే మీద కేసు వేశారు. టాక్సీకి 15 వేలు, బుకింగుకు 10 వేలు, మానసిక వేదనకు 5 వేలు, ఖర్చులకు మరో 5 వేలు ఇవ్వాలన్న ఆదేశాన్ని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆలస్యానికి కారణమేంటో, అది తమ చేతిలో లేనిదని ఎలా చెబుతారో రైల్వే వివరించలేకపోయింది. ఆ కుటుంబం గెలిచింది ఆవేశంతో కాదు. టాక్సీ డబ్బుకీ, పడవ బుకింగుకీ లెక్క చూపించగలిగింది.

రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, ఎక్కకూడదనుకుంటే పూర్తి డబ్బు వాపసుంటుందని చాలామందికి తెలియదు. రైలు అసలు కదిలేలోపే టీడీఆర్ వేయాలి. కదిలాక వేస్తే అంతే సంగతులు.

పేర్లు మారిన రెక్కలు

కడప విమానాశ్రయం ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. చిన్నది, శుభ్రంగా ఉంటుంది. కొత్త టెర్మినల్ 2015 జూన్ 7న మొదలైంది. బెంగళూరు సంస్థ ఎయిర్ పెగాసస్ కొన్నాళ్లు నడిపింది. 2016లో ఆ సంస్థ విమానాలే ఆగిపోయాయి. 2017 ఏప్రిల్ 27న దేశంలో తొలి ఉడాన్ విమానాలు ఎగిరినప్పుడు సిమ్లాతో పాటు కడప పేరూ పత్రికల్లో మోగింది. కడప-హైదరాబాద్, ట్రూజెట్. రామ్‌చరణ్ బొమ్మతో వచ్చిన మన తెలుగు సంస్థ. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. మార్చి ఆఖర్లో ఇండిగో వచ్చింది.

ఈ రాకపోకల చిట్టా ఎందుకంటే... సంస్థే మూతపడితే పరిహారం మాట దేవుడెరుగు, టికెట్టు డబ్బు కోసమే క్యూలో నిలబడాలి. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ టికెట్లు కొన్నవాళ్లకు ఆ క్యూ ఎంత పొడవో తెలుసు. దివాలా ప్రక్రియలో బ్యాంకుల వెనక ఎక్కడో ప్రయాణికుడుంటాడు. కార్డుతో కొన్నవాళ్లు బ్యాంకును పట్టుకుని వెనక్కి రప్పించుకునే అవకాశమన్నా ఉంది. ఏజెంటు చేతిలో నోట్లు పెట్టి టికెట్టు తెచ్చుకున్నవాళ్లకు ఏజెంటే దిక్కు.

కాగితాలు ఉన్నాయా?

కర్నూల్లోనూ కడపలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. పాతవాళ్లు ఇంకా 'ఫోరం' అనే అంటారు. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో మనకు కలిసొచ్చిన మార్పు ఒకటుంది. సంస్థ ఆఫీసు ఎక్కడున్నా, విమానం ఎక్కడ ఆగినా, ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. మైదుకూరు మనిషికి ఢిల్లీలో విమానం రద్దయితే కడప కమిషన్‌కే వెళ్లొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నియమం లేదు. 'ఈ-జాగృతి' పోర్టల్ ద్వారా ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది, అది ముందే తెలుసుకుని దిగాలి.

దానికి ముందు చేయాల్సినవి కొన్ని. సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు. అక్కడి నోడల్ అధికారికి, ఆపైన అప్పిలేట్ అధికారికి. వాళ్ల వివరాలు సంస్థ సైట్లోనే ఉంటాయి. తర్వాత పౌర విమానయాన శాఖ 'ఎయిర్‌సేవ' పోర్టల్, లేదా 1915 నంబరుకు ఫోన్. చాలా తగాదాలు ఈ దశలోనే తెగుతాయి, ఎందుకంటే కడప కమిషన్‌కు మనిషిని పంపడం సంస్థకూ ఖర్చే!

కాగితాల విషయంలో మాత్రం మనవాళ్లు మరీ ఉదారులు. బోర్డింగ్ పాసును దిగగానే చెత్తబుట్టలో వేస్తారు, లేదా పిల్లలు విమానం బొమ్మ చేస్తారు. ఆలస్యం మెసేజీలను 'స్టోరేజీ ఫుల్' అని చెరిపేస్తారు. టాక్సీవాడికి నోట్లిచ్చి రసీదు అడగరు, 'అన్నా, బిల్లేమైనా ఇస్తావా' అంటే ఏమనుకుంటాడోనని మొహమాటం. కనీసం ఫోన్ ద్వారా చెల్లిస్తే ఆ లెక్కయినా మిగులుతుంది. తెరమీద 'డిలేడ్' అని పడ్డప్పుడు వేళతో సహా ఓ ఫొటో, తప్పిపోయిన రెండో టికెట్టు, హోటల్ బిల్లు, భోజనం బిల్లు... అన్నీ ఒక కవర్లో వేసి పెట్టుకోవాలి. సామాను పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికొచ్చాక ఇరవై ఒక్క రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలన్నది విదేశీ ప్రయాణాల నియమం. కేసుకు గడువు రెండేళ్లు.

విమానాశ్రయం బయట కారు దగ్గర నిలబడి ఇవన్నీ చెబుతుంటే, కువైట్ సంచులు దించుతున్న పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

''ఇన్నావారా? ఆ టికెట్టు రెండూ ఒకటే నంబరా, యేరే యేరేనా... సూడు ముందు.''

కొడుకు సెల్లు తీసి చూడటం మొదలుపెట్టాడు.